కారణం అనే గడి

అమెరికాలో ఇర్వింగ్‌కు దగ్గర్లోని ఒక పిల్లల ఆసుపత్రిలో న్యూరోసైకాలజిస్టుగా నా ఆఖరి నాలుగేళ్లు డయాబెటిస్ క్లినిక్‌లో గడిచాయి. అందులో మొదటి ఏడాది ఆగస్టులో, బడులు తెరిచిన వారానికి, హాసిని నా దగ్గరికి వచ్చింది. మేం మందులిచ్చే డాక్టర్లం కాదు. పిల్లల జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ పరీక్షలతో కొలిచి, రిపోర్టు రాసి, వైద్యం చేసే డాక్టరుకు పంపడం మా పని.

హాసినికి పదిహేనేళ్లు. తొమ్మిదో ఏట టైప్ వన్ డయాబెటిస్ బయటపడింది. తల్లి సుధ లాస్ కొలీనాస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ లీడ్. పిల్ల అన్నీ మర్చిపోతోందనీ, షుగర్ పడిపోయినప్పుడల్లా మెదడు దెబ్బతింటోందేమోననీ ఆవిడ భయం. ఖమ్మం నుంచి ఆరు నెలల కోసం వచ్చిన తాతగారు కూడా వెంట వచ్చి బయట కుర్చీలో కూర్చునేవారు.

రెండు పూటలు పరీక్షించాను. పదాల జాబితా అప్పజెప్పడం, కథ విని తిరిగి చెప్పడం, అన్నీ వయసుకు తగ్గట్టే చేసింది. చివర్లో ఇంకో పరీక్ష పెట్టాను. అందులో మేం ఒక మాట ఇస్తాం. దానికి సంబంధించి తన జీవితంలో ఏదో ఒక్క రోజు జరిగిన సంగతి చెప్పాలి. ‘సంతోషం’ అన్నాను. తాతయ్యతో క్యారమ్స్ ఆడతానంది. ఏదైనా ఒక్క రోజు ఆట గురించి చెప్పమన్నాను. “రోజూ ఆడతాం ఆంటీ” అంది. దాదాపు అన్ని మాటలకూ ‘ఎప్పుడూ’, ‘ప్రతిసారీ’ అనే జవాబులే వచ్చాయి.

ఇలాంటి జవాబులు మాకు కొత్త కాదు. ఏళ్ల తరబడి జబ్బుతో ఉండి, ఒకే ఆలోచనను పదే పదే తిప్పుకునే పిల్లల్లో కొందరికి జరిగినవన్నీ ఒక ముద్దగా మిగులుతాయి. అందులోంచి ఒక రోజును విడదీయలేరు. నీ మనసులో ఎక్కువగా ఏం తిరుగుతుంటుందని అడిగాను. “నేనేం రాంగ్ చేశాను అని” అంది. ఆమె చేతికున్న సెన్సర్ చూపే షుగర్ అంకె తల్లి ఫోన్‌కు కూడా వెళ్తుంది. అది పెరిగిన మరుక్షణం ఎందుకు పెరిగిందని ఆఫీసు నుంచి మెసేజ్ వస్తుంది.

ఇంత విని కూడా, జ్ఞాపకశక్తి మామూలుగా ఉందని రిపోర్టు రాసి, ఈ చివరి సంగతికి ఒక్క వాక్యం కేటాయించాను. అంతటితో ఆగినా బాగుండేది. హాసిని చేత రోజూ నోటుబుక్ రాయించమని తల్లికి సలహా ఇచ్చాను. తేదీ, షుగర్, కారణం అని మూడు గడులు. చిన్నప్పుడు మార్కులు తగ్గితే మా నాన్న ఒక్కో మార్కుకూ కారణం రాయించేవారు. అందువల్లే పైకొచ్చానని నాకో గర్వం. సుధ ముఖం విప్పారింది. “మీరు మనవాళ్లు కాబట్టి ప్రాబ్లమ్ అర్థమైందండీ” అంది. నాకూ ఆ మాట బాగానే ఉంది.

ఏడాదిన్నర తర్వాత తల్లీ కూతుళ్లు మళ్లీ వచ్చారు. ఖమ్మం తిరిగి వెళ్లిన తాతగారు ఆ మధ్యే గుండెపోటుతో పోయారు. పదో రోజున వీడియో కాల్‌లో మనవలందరినీ ఆయన గురించి తలా ఒక జ్ఞాపకం చెప్పమన్నారట. హాసిని వంతు వచ్చేసరికి “తాతయ్య వాజ్ నైస్” అని లేచిపోయింది. అమెరికా పిల్లలకు ప్రేమలెక్కడివిలే అని పెద్దమ్మ అన్న మాట ఫోన్‌లో ఇక్కడికి వినిపించింది.

ఆ ఏడాదిన్నరలో రాసి నింపిన మూడు నోటుబుక్కులు తెచ్చి హాసిని నా బల్ల మీద పెట్టింది. ఒక పేజీ తీసింది. “ఇది తాతయ్య బర్త్‌డే ఆంటీ. టూ ఎయిటీ సెవెన్. రీజన్, కేక్, డోస్ లేట్. బట్ తాతయ్య ఆ రోజు ఏం అన్నాడు? నాకు ఏం గుర్తు లేదు. నేను బ్యాడ్ పర్సనా?” కాదన్నాను. ఆ మాట సరిపోలేదు. తప్పుడు సలహా ఇచ్చింది నేనని తల్లి ఎదుటే చెప్పాను. సుధ తల వంచుకుంది.

నాలుగు నెలలు ప్రతి వారం కూర్చున్నాం. ఎందుకు అనే ప్రశ్న మానేసి, ఎక్కడున్నావు, ఎవరున్నారు, ఏం వినిపించింది అని అడిగేదాన్ని. బడి సంగతులు ఒకటొకటిగా విడివడ్డాయి. తాతగారితో గడిపిన ఒక్క రోజు కూడా రాలేదు. ఆయన క్యారమ్స్‌లో కావాలని ఓడిపోయిన సాయంత్రం గురించి సుధ చెప్పింది. హాసిని శ్రద్ధగా విని, “అది అమ్మ మెమరీ. నాది కాదు” అంది.

ఆ మరుపంతా నోటుబుక్ వల్లేనని చెప్పలేను. జబ్బు అంతకు ముందే ఉంది, ఆలోచనలూ ఉన్నాయి. కానీ ‘నేనేం రాంగ్ చేశాను’ అని తిరిగే ఆ ఆలోచనను తగ్గించడానికి బదులు, రోజూ రాయించి పెంచే పని చెప్పాను. అదీ తాతగారు ఇంకా బయట కుర్చీలో కూర్చుని ఉండగా. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ పిల్ల చేతా కారణం రాయించలేదు. షుగర్ ఎందుకు పెరిగిందో వెతకడం క్లినిక్ పని. ఇంట్లో మాత్రం ‘ఈ రోజు ఏం జరిగింది’ అని అడిగితే చాలని తల్లిదండ్రులకు చెప్పేదాన్ని.