బండి మాకు, గొర్రు వాళ్లకు

మా నాయిన, చిన్నాయన వేరు పడినప్పుడు పెద్దమనుషులు చాలా న్యాయంగా పంచారు. పొలం చెరిసగం. వాకిలి చెరిసగం, మధ్యలో సున్నంతో ఒక గీత. ట్రాక్టరును సగానికి కోయడం కుదరలేదు కాబట్టి బండి మా నాయినకు, దాని వెనక తగిలించే సామాన్లన్నీ చిన్నాయనకు ఇచ్చారు. ఎవరికీ అన్యాయం జరగలేదు. ఎవరికీ సేద్యం కూడా జరగలేదు.

ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. మా నాయిన పంతానికి యాపలదిన్ని పోయి ఒక పాత విత్తనాల గొర్రు కొనుక్కొచ్చాడు. చిన్నాయన పంతానికి ఒక చిన్న ట్రాక్టరు తెచ్చాడు. పంతంతో పోయేవాడు టేపు పట్టుకొని పోడు కదా, ఇద్దరూ కొలతలు చూసుకోలేదు.

ట్రాక్టరు వెనక మూడు చేతులుంటాయి. కింది రెండు చేతుల చివర గుండ్రటి రంధ్రాలు. గొర్రుకు రెండు పక్కలా ఉన్న ఇనుప పిన్నులు వాటిలో దూరాలి. పై చెయ్యి గొర్రు వెనక్కి ఒరగకుండా పట్టుకుంటుంది. మాది పెద్ద బండి, పెద్ద రంధ్రాలు. నాయిన తెచ్చింది చిన్న గొర్రు, సన్న పిన్నులు. చిన్నాయనది దీనికి తిరగేసిన కథ: చిన్న బండి, పంపకంలో వచ్చిన లావు పిన్నుల గొర్రు. మాది దూరి ఊడొస్తుంది, వాళ్లది దూరనే దూరదు. గీతకు అటున్న గొర్రు మా బండికి, ఇటున్న గొర్రు వాళ్ల బండికి కొలిచి చేసినట్టు సరిపోతాయని మా వాకిట్లో కోళ్లకు కూడా తెలుసు.

అలా ఉండగా ఈ యేడు మొదటి వాన పడింది. మాది నల్లరేగడి. పదును ఉన్నప్పుడే కంది విత్తాలి. గాలి తోలడం మొదలైతే పైమన్ను చూస్తుండగానే ఆరిపోతుంది, మళ్లీ వాన ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. మాకు యేడాదికి ఉన్నది ఆ కంది ఒక్కటే. తెల్లారేసరికి గాలి మొదలైంది.

నాయిన సన్నపిన్నుకు సైకిల్ ట్యూబు చుట్టాడు. ఊడింది. పైపు ముక్క తొడిగాడు. అది పిన్నుతో సహా ఊడింది. అమ్మ గుమ్మంలోంచి చూసి, "నా గాజులు తీసియ్యాల్నా" అంది. నాయిన ఒక క్షణం ఆ గాజుల వైపు నిజంగానే చూశాడు. గీతకు అవతల చిన్నాయన లావు పిన్నుకు ఆముదం రాస్తున్నాడు. తర్వాత సబ్బు. ఆ తర్వాత ఆకురాయి చప్పుడు. రెండు పక్కలా ఇంత మెకానిక్ పని నడుస్తుంటే రెండు పొలాలూ ఖాళీగా ఎండుతున్నాయి.

నన్ను గిల్లేసూగూరు వెల్డింగాయన దగ్గరికి పంపారు. ఆయన పిన్ను చూసి, కొలతలు విని, పెదవి విరిచాడు.

"పిన్ను మీదికి బుష్ ఏసిస్త గానీ, అడ్డం సాలదు. మీ బండి చేతులు వెడల్పు, ఈ గొర్రు సన్నం. దీనికి జోడైన గొర్రు యాడన్న సూడు."

"చూసినం. మా వాకిట్లనే ఉన్నది."

"మరి తగిలించుకో."

"నడుమ గీత ఉన్నది."

"కాలవనా? దాటనీకె రాదా?"

"సున్నంతోని గీసిన గీత."

ఆయన వెల్డింగు అద్దం మొహం మీదికి దించుకున్నాడు. బుష్ వేసిచ్చాడు.

ఆ బుష్‌తో పొలంలోకి దిగాం. గొర్రు అటూ ఇటూ ఊగింది. కందులు సాళ్లలో కాక, ఎవరో నడుస్తూ పారబోసుకున్నట్టు పడ్డాయి. పక్కనే గట్టు మీద ఎద్దును మేపుతూ నిలబడ్డ చిన్నాయన అంతా చూశాడు. నేను పక్కనే ఉన్నా, తన ఎద్దుతో మాట్లాడాడు.

"ఇత్తనీకె గొర్రు గావాలె. ఉయ్యాల గాదు."

నాయిన బండి ఆపి నాకు చెప్పాడు. "ఒరే, గొర్రున్నోని పొలంల ఒక్క గింజ పడ్డదేమో అడుగు."

అడగాల్సిన పని లేకపోయింది. చిన్నాయన ముఖం చూస్తే తెలుస్తోంది. ఆయన వంగి మా మన్ను చేతిలోకి తీసుకొని పిసికాడు. ముద్ద కాలేదు, సగం పొడిగా రాలింది. చేతులు దులుపుకొని నాతో అన్నాడు.

"గొర్రు నేనియ్య. అది నా వాకిట్ల ఉంటది. ఎవరన్న బండి ఎన్కకు తెచ్చి తగిలించుకుంటే నాకు తెల్వదు."

నాయిన ఆలోచించాడు. "నేనడుగుత లేను. బండి తిప్పుకుంటుంటే తగిలిందంటే తగిలింది."

ఈ ఒప్పందం మీద అందరం వాకిట్లోకి వచ్చాం. గీత దాటడానికి నాయిన ట్రాక్టరును వెనక్కి నడిపాడు, మొహం అటువైపు లేకపోతే దాటినట్టు కాదనుకున్నాడేమో. చిక్కేమిటంటే, వెనక్కి వచ్చే బండికి గొర్రు తగిలించాలంటే వెనక నిలబడ్డవాడు చెప్పాలి, నడిపేవాడు వినాలి. నేను బండి చెయ్యి ఒకటి పట్టుకొని మధ్యలో నిలబడ్డాను.

"మీ నాయినకు చెప్పు, జర ఎన్కకు రమ్మను," అన్నాడు గొర్రు దగ్గర నిలబడ్డ చిన్నాయన.

"జర ఎన్కకంట."

నా మాట చేరేసరికి బండి జర కంటే ఎక్కువే వచ్చింది.

"జర ముంగటికి పొమ్మను."

"ముంగటికంట."

ఇంజను మోతలో నాయినకు "ఎన్కకంట" అని వినబడింది. బండి చెయ్యికీ గొర్రు చట్రానికీ నడుమ నా వేళ్లున్నాయి. వాటికేమన్నా ఐతే ఇద్దరిలో ఎవరిని తిట్టాలో నేను తేల్చుకునేలోపే చిన్నాయన నోరు తెరిచాడు.

"అన్నా, ఆపు."

బండి ఆగింది. నాయిన వెనక్కి తిరిగి, నన్ను కాదు, తమ్ముణ్ణి చూశాడు.

"ఎంత?"

"రెండు వేళ్లంత ముంగటికి."

అంతే. పిన్ను దూరింది. ఆముదం అక్కర్లేదు, సబ్బు అక్కర్లేదు. అవతలి పక్కది కూడా దూరింది. ఇంత పెద్ద ఘట్టంలో కన్నీళ్లేమైనా వస్తాయేమోనని చూశాను. పిన్ను ఊడకుండా చిన్నాయన తాళం సూది గుచ్చాడు. మా నాయిన చమట తుడుచుకొని, "ఎండొచ్చింది, పా" అన్నాడు.

విత్తడం మొదలైంది. నాయిన నడుపుతుంటే చిన్నాయన గొట్టాల్లో గింజ ఆగకుండా చూసుకుంటూ వెనక నడిచాడు. అడుగున ఇంకా పదునుంది, సాళ్లు కొలబద్ద పెట్టి గీసినట్టు పడ్డాయి. మా పొలం అయిపోయేచోట గొర్రు పైకి లేపాలి. నాయిన లేపలేదు.

"హద్దు దాటింది," అన్నాడు చిన్నాయన.

"పదును ఉన్నది గదా," అన్నాడు నాయిన, లివరు ముట్టకుండా.

పొద్దు గూకేలోపు రెండు పొలాలూ అయిపోయాయి. కంది మొలిచింది, రెండు వైపులా ఒకే వరసలో. ఇప్పుడు తక్రారు ఆ రెండో పొలం పంట మీద. గింజలు నావంటాడు నాయిన, భూమి నాదంటాడు చిన్నాయన. పొద్దున లేస్తే ఇద్దరూ గట్టు మీద కూర్చొని, నేరుగా, మొహం మొహం చూసుకుంటూ కొట్లాడుకుంటున్నారు. నేను ఏదన్నా సర్దిచెప్పబోతే, "నడుమ నీదేంది, సప్పుడు జేయకు" అని ఇద్దరూ ఒక్కటై నా మీదికే వస్తున్నారు.