తుక్కు కాని లారీ

గుమ్మడిదల సునందమ్మ రోజూ పొద్దున్నే కొంగు నడుములో దోపుకొని, వేలంపాటలో కొన్న పాత మిలిటరీ లారీ హెడ్‌లైట్లను పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడుస్తుంది. మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సీసాలకు లేబుళ్లు అతికించి రిటైరైన ఆమెకు ఆ స్టీరింగ్ పట్టుకుంటేనే పొద్దుపొడిచినట్టుంటుంది. ఇన్సూరెన్స్ లేనిదే బండి రోడ్డెక్కకూడదు. ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ శ్రావణ్‌కుమార్ లారీ ఫోటో ఒక్కటే చూసి "తుక్కు" అని రాసేసరికి ఆమెకు రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడోరోజు ఫోన్ చేసి, "ఒక్కపారి వచ్చి కండ్లార చూడుండ్రి సార్. చేన్ల నడుమ తొవ్వల రాండ్రి, దగ్గరైతది" అంది. ఆ దారిలో రాత్రి కురిసిన వాన నిలిచి ఉందని మాత్రం చెప్పలేదు.

అనుకున్నట్టే ఆయన కారు బురదలో దిగబడింది. సునందమ్మ లారీ తెచ్చి, గొలుసు తగిలించి, ఒక్క ఊపులో బయటికి లాగింది. "తొవ్వ గిట్లుందని చెప్పలేదేందమ్మా?" అన్నాడు ఆయన, ప్యాంటుకంటిన బురద చూసుకుంటూ. "చెప్తే మీరొస్తుంటిరా సార్?" అంది ఆమె. శ్రావణ్‌కుమార్ నవ్వాపుకొని, కాగితం మీద "తుక్కు" కొట్టేసి, "బండి బాగా నడుస్తోంది" అని రాశాడు. సంతకం పెట్టేముందు క్యాబిన్ ఎక్కి హారన్ రెండుసార్లు గట్టిగా మోగించాడు. అది కూడా తనిఖీలో భాగమేనని ఆమెకు చెప్పాడు. "అయితె ఇంకోపారి తనిఖీ చేయుండ్రి సార్" అంది సునందమ్మ.