గిట్టెన్స్ తల కొలత

న్యూయార్కు నగరం బ్రూక్లిన్‌లో రెండో అంతస్తు కిటికీల ఎత్తున పరుగెత్తే మెట్రో లైనులో కార్లైల్ గిట్టెన్స్ రైలు గార్డు. ప్లాట్‌ఫాం మధ్యలో నలుపు తెలుపు చారల బోర్డు ఒకటి వేలాడుతుంది. రైలు ఆగగానే గార్డు దాన్ని వేలెత్తి చూపించాలి. బోర్డు ఎదురుగా ఉందంటే రైలు మొత్తం ప్లాట్‌ఫాంలోకి వచ్చేసినట్టు. అప్పుడే తలుపులు తెరవాలి. మిగతా గార్డులు ఈగను తోలినట్టు వేలు విదిలిస్తారు. గిట్టెన్స్ మాత్రం కోర్టులో ముద్దాయిని గుర్తుపట్టిన సాక్షిలా చెయ్యంతా చాచి చూపిస్తాడు. ఇంట్లో పొయ్యి ఆర్పినా అంతే, వేలెత్తి చూపించి గానీ పడుకోడు.

"అది పారిపోదులే, వచ్చి పడుకో" అంటుంది భార్య మార్వా.

నిబంధనలంటే అంత భక్తి ఉన్న మనిషి మీద జనవరిలో ఒక యంత్రం నేరం మోపింది.

ఆ నెలలో కొన్ని స్టేషన్లలో కొత్తరకం కెమెరాలు పెట్టారు. తలుపుల్లో ఎవరి కోటో, సంచీ పట్టీయో ఇరుక్కుని ఉండగా రైలు కదిలితే, మనుషులకంటే ముందే కనిపెట్టి బ్రేకులు వేయిస్తాయి. మంచి ఏర్పాటే. కాకపోతే అవి అందరి రైళ్లనూ వదిలేసి గిట్టెన్స్ రైలునే ఆపుతున్నాయి. రైలు కదులుతుంది. నిబంధన ప్రకారం అతను కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫాం పొడవునా చూస్తాడు. కీచుమని రైలు ఆగుతుంది. లోపల ఒకరి కాఫీ ఇంకొకరి ఒళ్లో పడుతుంది. ఆ తర్వాత వినిపించే మాటలు రాయదగినవి కావు.

మూడోసారి అయ్యాక పై అధికారి ఇవెట్ ఒర్తీజ్ పిలిపించింది.

"ఇంకొక్కసారి ఆగిందంటే నిన్ను రైలు దింపేస్తారు కార్లైల్. ప్లాట్‌ఫాం మీద జనాన్ని సర్దే పనికి వేస్తారు. నా చేతుల్లో ఏం లేదు."

గిట్టెన్స్ దృష్టిలో అది పెళ్లికొడుకును చెప్పులకు కాపలా పెట్టడమే.

"తల బయటపెట్టమని రూలు. పెడితే ఆ యంత్రానికి ఒళ్లు మంట. నేనెవరి మాట వినాలమ్మా?"

గార్డుల విశ్రాంతి గదిలో వెండెల్ అనే తోటి గార్డు తీర్పు చెప్పేశాడు. "మేమూ తలలే కదన్నా బయటపెట్టేది? మమ్మల్నేం అనదే! నీది కాస్త పెద్ద సైజేమో."

"నీది తల కాదు, గుండీ. అందుకే కనపడట్లేదు."

ఎవరో టేపు తెచ్చారు. ఇద్దరి తలలూ కొలిచారు. గిట్టెన్స్ తల బొటనవేలి మందాన పెద్దదని తేలింది. గది గదంతా చప్పట్లు. అతను మాత్రం ఆ కొలతను సాక్ష్యంగా పట్టుకుని యూనియన్‌కి వెళ్లాడు. తల పరిమాణాన్ని బట్టి యంత్రం పక్షపాతం చూపిస్తోందని ఫిర్యాదు. రాసుకున్నాయన నవ్వకుండా ఉండడానికి రెండుసార్లు మంచినీళ్లు తాగాడు.

విచారణకు ఒర్తీజ్ వచ్చింది. కెమెరాల ఇంజనీరు షపీరో వచ్చాడు. టేపుతో సహా వెండెల్ వచ్చాడు. షపీరో అంతా ఓపిగ్గా విన్నాడు.

"గిట్టెన్స్ గారూ, తలల జోలికి పోవద్దని దానికి ముందే నేర్పామండీ. మీ తలను అది పట్టించుకోనేలేదు."

"మరి దేన్ని చూసి ఆపినట్టు?"

షపీరో తెర మీద వీడియో వేశాడు. రైలు కదిలింది. కిటికీలోంచి గిట్టెన్స్ తల గంభీరంగా బయటికొచ్చింది. దాని వెనకే కోటు కాలరులోంచి నీలం పసుపు చారల మఫ్లరు జారడం మొదలుపెట్టింది. జారింది, జారింది, ఇంకా జారింది. కొస ప్లాట్‌ఫాంను ఊడుస్తూ కోతితోకలా వెంటబడింది.

ఒర్తీజ్ గొంతు సవరించుకుంది. "కార్లైల్, అది మఫ్లరా, కిటికీ పరదానా?"

"మా అత్తగారు అల్లిందండీ."

ఆ అత్తగారు బార్బడోస్ దీవి దాటి ఎరగదు. మంచు మొహం చూడలేదు. మఫ్లరు ఎక్కడ ఆపాలో ఆవిడకెవరూ చెప్పలేదు. ఊలు అయిపోయినప్పుడు ఆపి, క్రిస్మస్‌కు పంపింది. అల్లుడు మెడకు మూడు చుట్లు చుట్టి, మిగిలింది కోటులో కుక్కుకున్నాడు. వంగినప్పుడల్లా అది బయటపడింది. ప్లాట్‌ఫాం వైపే చూడాలని రూలు కాబట్టి అతను కిందికి చూడలేదు.

వెండెల్ బల్ల కొట్టి నవ్వుతున్నాడు. షపీరో నవ్వలేదు.

"అది ఏ స్తంభానికో చుట్టుకుని ఉంటే..." అని ఆగాడు.

గిట్టెన్స్ చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. వెండెల్ నవ్వు ఆగిపోయింది.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు గిట్టెన్స్ మెల్లగా. "ఆ తల కొలత కూడా కొట్టేయండి."

"అది మాత్రం ఉంచుతాం" అంది ఒర్తీజ్. "రైలు నీదే. మఫ్లరు ఇంట్లో పెట్టిరా."

అసలు విచారణ ఇంట్లో జరిగింది.

"మా అమ్మ అల్లింది నీకు పనికిరాలేదా?" అంది మార్వా.

"నాక్కాదే, యంత్రానికి."

ఆమె వినలేదు. తల్లికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. గిట్టెన్స్ మాకరోని పళ్లెంలో తల దూర్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల అత్తగారు అడిగింది.

"నా మఫ్లరు న్యూయార్కులో రైలును ఆపిందా?"

"ఆపింది అత్తయ్యా."

"నిజంగా రైలునే?"

"మూడుసార్లు."

ఆదివారం చర్చిలో ఆవిడ ఆ కథ చెప్పింది. అందులో రైలు పూర్తి వేగంతో దూసుకొస్తోంది, పట్టాల మీద పసిబిడ్డ ఏడుస్తోంది, అల్లుడు మెడలోంచి మఫ్లరు తీసి విసిరాడు. ఊరివాళ్లు ఫోను చేసి అభినందిస్తుంటే, రైలు దక్కిన సంతోషంలో ఉన్న గిట్టెన్స్ ఏ ఒక్కరికీ అడ్డు చెప్పలేదు.