చెనిక్కాయల చప్పుడు

శనివారం పొద్దున ల్యాబు తలుపు తీస్తుంటే సారు భార్య ఫోన్ చేసింది. "మీ సారు పోయినారమ్మా. రాత్రి బాగానే తిని పడుకున్నారు, పొద్దున లేపితే లేవలేదు" అంది. ఆమె గొంతు నిలకడగానే ఉంది. నేనే అక్కడి స్టూలు మీద కూలబడ్డాను.

ఆయన నా పరిశోధనకు గైడు. కాపురం చిత్తూరులో, ఉద్యోగం తిరుపతిలో. రిటైరయ్యేదాకా బస్సులోనే తిరిగారు.

పరిశోధక విద్యార్థులు బయటి ఊళ్ళలో జరిగే సదస్సులకు వెళ్ళాలంటే యూనివర్సిటీ ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. లేకపోతే మాలాంటివాళ్ళకు ఊరు దాటే దారే లేదు. అడిగేవాళ్ళు బోలెడుమంది, ఇచ్చేది ఒకరిద్దరికి. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో సారు ఉండేవారు. గడగడా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళను పంపితే పరువు దక్కుతుందని మిగతావాళ్ళు అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. నా దరఖాస్తు మీద మాట్లాడుతున్నప్పుడు నేను తలుపు బయటే ఉన్నాను. "నోరున్నోళ్ళు యాడికైనా పోతారప్పా. నోరు రాని బిడ్డను మనం గాకపోతే ఎవురు పంపుతారు?" అన్నారు. ఆ నోరు రాని బిడ్డను నేనే. పౌరుషమూ వచ్చింది, నిజమే కదా అనీ అనిపించింది.

గువాహటి ప్రయాణం మంజూరైంది. సంతోషించాల్సింది పోయి నాకు జ్వరం వచ్చినంత పనైంది. నలుగురిలో నిలబడితే నా నాలుక పిడచకట్టుకుపోయేది. సారు గదికి పోయి, "నా పేరు తీసేయండి సార్, ఇంకెవరినైనా పంపండి" అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "శనివారం ఊరికి పోతావు గదా, నా బస్సుకే రా" అన్నారు. మాదీ చిత్తూరే. నాయన మామిడికాయల మండీలో పనిచేసేవాడు.

బస్టాండులో వేయించిన చెనిక్కాయల పొట్లం కొనడం సారు అలవాటు. బస్సు కదలగానే పొట్లం విప్పి, "ఊ, చెప్పు. తెలుగులోనే చెప్పు" అన్నారు.

"బస్సులోనా సార్?"

"ఈడ ఎవురికీ నీతో పని లేదు. అయినా విన్నారంటే నువ్వు గెలిసినట్టే."

గుజ్జు తీసేశాక ఫ్యాక్టరీలు పారేసే మామిడి తొక్కలతో పశువుల మేత చేయడం నా పరిశోధన. సిగ్గుతో చచ్చిపోతూ మొదలుపెట్టాను. నేను చెబుతూనే ఉన్నాను, ఆయన టపటపా కాయలు ఒలుస్తూనే ఉన్నారు. బాగాలేదని నోటితో అనేవారు కాదు, ఆ చప్పుడే అనేది. చంద్రగిరి దాటేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ.

"మళ్ళీ మొదట్నించి. నాకు గాదు, ఆ యమ్మకు చెప్పు" అని పక్క సీటులో ఖాళీ పూలబుట్టతో కూర్చున్న ఆమెను చూపించారు. చెప్పాను. ఆమె కాసేపు విని, "తొక్కలు కుళ్ళిపోతాయి గదమ్మా, ఆవు ముట్టుకుంటాదా?" అంది. నాకు బాగా తెలిసిన సంగతే అడిగింది కనక గొంతు దానంతటదే లేచింది. ఎండబెట్టడం, పులియబెట్టడం అన్నీ చెప్పుకుంటూ పోయాను. ముందు సీటాయన కూడా ఇటు తిరిగాడు. మధ్యలో ఎక్కడో గమనించాను, చప్పుడు ఆగిపోయింది. సారు చేతిలో చెనిక్కాయ ఒలవకుండా అలాగే ఉంది.

గువాహటిలో ఒక పెద్దాయన ఇంగ్లీషులో అడిగిన మొదటి ప్రశ్న, తొక్కలు కుళ్ళిపోవా అనే. నవ్వొచ్చింది నాకు. తడబడుతూనే జవాబు చెప్పాను. తిరిగొచ్చి ఈ సంగతి చెబితే సారు, "పూలమ్మే యమ్మకు చెప్పినావా మరి?" అన్నారు. ఆయన మెచ్చుకోలు అంతవరకే ఉండేది.

ఇప్పుడు నేనూ అదే విభాగంలో పనిచేస్తున్నాను. నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయిది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక జాలరి పల్లె. పుణె సదస్సుకు ఆమెకు ఖర్చులు మంజూరయ్యాయి. ఆ శనివారం ఫోన్ పెట్టేసి తల ఎత్తితే ఎదురుగా ఆమే ఉంది. తన పేరు తీసేయమని చెప్పలేక చెప్పింది. "ముందు నాతో రా" అని చిత్తూరుకు వెంటబెట్టుకుపోయాను.

సారు భార్య నన్ను పట్టుకుని, "ఆయన చొక్కా ఎప్పుడు ఉతికినా జేబు నిండా చెనిక్కాయల పొట్టే వచ్చేదమ్మా. ఎంత తిట్టుకున్నానో" అని అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తిరిగి వస్తూ బస్టాండులో ఒక పొట్లం కొన్నాను. చావింటి నుంచి వస్తూ తినకూడదు, తెలుసు. తినాలనీ లేదు. బస్సు కదిలాక పొట్లం విప్పి, "ఊ, చెప్పు" అన్నాను.

"ఇప్పుడా మేడం?"

"ఇప్పుడే. తెలుగులో."

సముద్రం నుంచి సరస్సులోకి నీళ్ళొచ్చే దారి ఇసుకతో పూడిపోతే రొయ్యలు ఏమవుతాయన్నది ఆమె పరిశోధన. మొదట్లో ఆమె గొంతు పక్కనున్న నాకే వినపడలేదు. నేను కాయలు ఒలుస్తూ, గింజలు కాగితంలో వేస్తూ ఉన్నాను. వెనక నుంచి ఎవరో, "అట్లయితే మీవోళ్ళు ఏం పట్టుకుంటారు పాపా?" అన్నారు. ఆమె వెనక్కి తిరిగింది. "మా నాయన అయితే..." అని మొదలుపెట్టింది.

చంద్రగిరి దగ్గర పడింది. ఆ అమ్మాయి ఇంకా చెబుతూనే ఉంది. నా వేళ్ళ మధ్య చెనిక్కాయ ఎప్పటినుంచి ఒలవకుండా ఉందో నేను చూసుకోలేదు.