కాగితం మడిచిన చెయ్యి

మిర్చి యార్డులో నేను కాటా దగ్గర పనివాణ్ణి కాదు, తువ్వాలు దగ్గర పనివాణ్ణి. అదేమిటో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. రైతు బస్తాలు విప్పి కాయ చూపించాక వ్యాపారులు ఒక్కొక్కరే వచ్చి కమీషను కొట్టు మనిషి చేతిలో, అంటే నా చేతిలో, చెయ్యి పెడతారు. రెండు చేతుల మీదా ఒక తువ్వాలు కప్పి ఉంటుంది. ధర నోటితో చెప్పరు, వేళ్ళు పట్టి చెప్తారు. నిన్నటి ధర మీద ఎన్ని పదులు ఎక్కువో వేళ్ళు చెప్తాయి: ఒక వేలు పడితే ఒకటి, నాలుగు పడితే నాలుగు, గుప్పెడంతా పడితే ఐదు, కణుపు మీద నొక్కితే అర. ఒకడు ఎంత పట్టాడో ఇంకొకడికి తెలియదు. అందరి పట్టూ తెలిసేది నా చేతికి మాత్రమే. చివర్న ఎక్కువ పట్టినవాడి పేరూ, ధరా నేను పైకి చెప్తాను. అంతసేపూ రైతు నా ముఖం వంకే చూస్తూ నిలబడి ఉంటాడు.

నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చాయి. బస్తా తూకం, తరుగు, కూలి అన్నీ పోగా రైతుకి చేతికి ఎంత వస్తుందో వాడు అడిగేలోపు చెప్పేవాణ్ణి. యార్డులో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, లెక్కలాయన అనేవాళ్ళు ఎక్కువ. దర్శి, వినుకొండ వైపు నుంచి వచ్చే రైతులు "లెక్కలాయన ఉన్నాడా?" అని అడిగాకే మా కొట్టు ముందు సరుకు దించేవాళ్ళు. ఇంట్లో నాకు ఇంకే గొప్పా లేదు. ఉన్న గొప్పంతా అదే.

ఎనభైల మధ్యలో ఒక వానాకాలం పొద్దున పళ్ళపొడి డబ్బా నా కుడిచేతిలోంచి జారి పడింది. వంగి తీసుకుందామంటే చెయ్యి కదల్లేదు. చిన్న పక్షవాతం అన్నాడు డాక్టరు. కాలూ నోరూ బాగానే ఉన్నాయి కాబట్టి అదృష్టవంతుడివి అన్నాడు. కొన్ని వారాలకి మోచెయ్యి లేచింది, మణికట్టు తిరిగింది. వేళ్ళు మాత్రం ఎవరో తెచ్చి అతికించిన చెక్కముక్కల్లా ఉండేవి.

"వేళ్ళకి పని చెప్పాలయ్యా," అన్నాడు డాక్టరు. "సన్నటి పనులు. పూసలు గుచ్చుకుంటావో, కాగితాలు మడుచుకుంటావో నీ ఇష్టం."

మా షావుకారు చూడటానికి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. "కొత్త కాయ దిగేలోపు చెయ్యి తెచ్చుకో. నీ చోటు ఎక్కడికీ పోదు. అప్పటిదాకా మా బావమరిది కూర్చుంటాడు." వెంట వచ్చిన బావమరిది కూడా, "మీరు వచ్చేదాకానే బాబాయ్," అన్నాడు. కొత్త కాయ దిగేది సంక్రాంతి దాటాక. అంటే నాకు ఉన్న గడువు అది.

మా గోడ అవతల ఒక టీచరుగారు ఉండేది. మిషను బడిలో పాఠాలు చెప్పేది, ఆదివారం చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేది. ఆ మధ్యే వాళ్ళ బడికి విదేశాల నుంచి ఎవరో ఒక టీవీ, వీడియో, అట్టపెట్టె నిండా క్యాసెట్లు పంపారు. అన్నీ ఏసుప్రభువు సినిమాలే. ఒక్కటి మాత్రం కాగితాలు మడవటం గురించి. జపాను వాళ్ళ విద్య అట. క్రిస్మస్‌కి చర్చి అలంకరణకి అది నేర్చుకోవాలని ఆమెకి ఉంది. డాక్టరు చెప్పిన మాట మా ఆవిడ గోడ మీంచి ఆమె చెవిన వేసింది.

"శనివారం మధ్యాహ్నం బడికి రండి అన్నయ్యగారూ. నాకూ తోడు ఉంటుంది," అంది టీచరుగారు.

ఆ క్యాసెట్‌లో మాట్లాడే భాష మా ఇద్దరికీ రాదు. మనిషి ముఖం కూడా కనపడదు. నల్లటి బల్ల, దాని మీద రెండు ఆడచేతులు, ఒక ఎర్ర కాగితం. ఆ చేతులు చేసింది మేము చెయ్యాలి. టీచరుగారు మీట నొక్కితే బొమ్మ ఆగి, గీతలు గీతలుగా వణుకుతూ ఉండేది. ఆ వణుకులో ఏ మూల ఏ మూలకి పోయిందో పోల్చుకోవాలి. ఓల్టేజీ పడిపోతే బొమ్మ దొర్లి, తెర మీది చేతులు పైకి కొట్టుకుపోయేవి. కరెంటు పోతే సగం మడిచిన కాగితం పట్టుకుని ఇద్దరం చీకటి తెర వంక చూస్తూ కూర్చునేవాళ్ళం.

మొదటి వారాలు నాకు అన్నీ తిరగబడ్డాయి. తెరలో కుడి మూల మడిస్తే నేను ఎడమ మూల మడిచేవాణ్ణి. ఎందుకో నాకు అర్థం కాలేదు, టీచరుగారు కనిపెట్టింది. ఎదురుగా కనపడే చెయ్యి ఎదుటి మనిషిదే అని, అది నాకేదో చెప్తోందని నా బుర్రలో ఉండిపోయింది. జీవితమంతా ఎదుటివాడి చెయ్యి చదివినవాణ్ణి మరి.

"అన్నయ్యగారూ, ఆవిడేం మీకు బేరం చెప్పట్లేదు," అని నవ్వింది ఆమె. "ఆ చేతులు మీవే అనుకోండి."

మా దగ్గర నలుచదరపు కాగితాలు ఎక్కడివి? పాత క్యాలెండరు కాగితాన్ని ఐమూలగా మడిచి, మిగిలిన పట్టీ చింపేస్తే నలుచదరం వస్తుందని మొదట తెలిసింది. అదే మొదటి పాఠం. తరవాత లోపలికి మడత, వెనక్కి మడత. ఆ రెండే. మిగిలినవన్నీ ఆ రెంటి కూడికలే. అది నాకు నచ్చింది. కాగితాన్ని సగానికి మడిస్తే అర, మళ్ళీ మడిస్తే పావు, మళ్ళీ మడిస్తే పరక, ఇంకోసారి మడిస్తే వీసం. మా తాత నోటి లెక్కలు కాగితంలో కనపడ్డాయి. మొదటి మడతలో గింజంత తేడా వస్తే చివర్న పక్షి ముక్కు వంకరపోతుంది. అంత నిక్కచ్చి పని నాకు సరిపోయింది. బొటనవేలి గోరుతో మడత మీద గీకితే అంచు కత్తిలా రావాలి. మొదట్లో కాగితం నలిగేది, చిరిగేది. నెమ్మదిగా అంచు రావడం మొదలుపెట్టింది.

మా ఆవిడకి ఇదంతా ఒళ్ళుమంట. "ఊళ్ళో మగాళ్ళు చేలల్లో పత్తి తీయిస్తుంటే, మా ఆయన క్యాలెండరు దేవుళ్ళని మడుస్తున్నాడు," అనేది పక్కింటివాళ్ళకి వినపడేట్టు. నా మొదటి కాగితం కొంగ తయారైన రోజున దాన్ని తోక పట్టుకుని ఎత్తి చూసింది. "గుడ్లు పెడుతుందా ఇది?"

"పెట్టదు."

"మరి కొయ్యడానికైనా పనికిరాదు. పొయ్యిలోకే."

కానీ పొయ్యిలో వెయ్యలేదు. దేవుడి పటం పక్కన పెట్టింది.

ఆ కొంగ చూసి అందరూ నా చెయ్యి వచ్చేసిందన్నారు. డాక్టరు అలాంటిదే ఇంకొకటి అడిగి తన బల్ల మీద పెట్టుకున్నాడు. షావుకారు రెక్కలు లాగి చూసి, "ఇంత సన్న పని నా వేళ్ళకే రాదు కదయ్యా," అన్నాడు. క్రిస్మస్ ముందు ఆదివారం టీచరుగారు నన్ను చర్చికి పిలిచింది. నేను వాళ్ళ మతంవాణ్ణి కాదు. అయినా నా కొంగలు అక్కడ దారాలకి వేలాడుతున్నాయి కదా అని వెళ్ళాను. ఆమె లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. మా పక్కింటి అన్నయ్యకి చెయ్యి పడిపోతే ప్రార్థించామని, ప్రభువు ఆ వేళ్ళకి తిరిగి ప్రాణం పోశాడని, ఆ పక్షులే రుజువని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. వెనక బెంచీ మీద నేను నా చెయ్యి వంక చూసుకున్నాను. వేళ్ళలో కాస్త తిమ్మిరి ఉన్నట్టే ఉంది. ఇంతమంది వచ్చిందంటున్న చెయ్యి రాకుండా ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

సంక్రాంతి వెళ్ళాక కొత్త కాయ దిగింది. ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని యార్డుకి వెళ్ళాను. ఘాటుకి అందరూ తుమ్ముతున్నారు, దగ్గుతున్నారు. నాకు అది ఇంటికి వచ్చినట్టుంది. దర్శి వైపు రైతు ఒకాయన, ఏళ్ళ తరబడి మా కొట్టుకే వచ్చేవాడు, నేను వస్తున్నానని తెలిసి ఆ పొద్దుటి దాకా సరుకు ఆపుకున్నాడట. "నువ్వు లేనప్పుడు అమ్మబుద్ధి కాలేదు లెక్కలాయనా," అన్నాడు. బస్తాలు విప్పాడు. మంచి కాయ, రంగు దిగలేదు.

మొదటి వ్యాపారి వచ్చాడు. తువ్వాలు కప్పాను. అతని చెయ్యి నా చేతిని పట్టుకున్న సంగతి నాకు భుజంలో తెలిసింది. వేళ్ళలో తెలియలేదు. బొంత మీంచి ఎవరో పట్టుకున్నట్టుంది. ఎన్ని వేళ్ళో, ఏ వేళ్ళో ఏమీ అందలేదు. అతను వదిలేశాడు. నేను తల ఊపాను.

అప్పుడు నా బుర్ర తన పని తాను చేసుకుపోయింది. నిన్నటి ధర తెలుసు. కాయ రంగు కనపడుతోంది. ఈ మనిషి ఎప్పుడూ ఎంత దగ్గర మొదలుపెడతాడో తెలుసు. లెక్క కట్టాను. రెండు అనుకున్నాను. రెండోవాడికీ అలాగే కట్టాను, మూడు అనుకున్నాను. మూడోవాడు కొత్త మనిషి, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాడు. అతని అలవాటు నాకు తెలియదు. రెండున్నర అయ్యుంటుందనుకున్నాను. రెండోవాడి పేరూ, ధర మూడనీ పైకి చెప్పాను.

"ఆగాగు!" అన్నాడు ఒంగోలు మనిషి. "ఏందయ్యా ఇది? నేను పట్టింది నాలుగు. మూడుకి ఆయనకెట్టా రాస్తావు?"

రెండోవాడు నా వంక వింతగా చూశాడు. "నేను మూడు ఎప్పుడు పట్టానయ్యా? నేను పట్టింది రెండున్నర."

అంతలో వెనకనుంచి ఎవడో, "కొంగలు మడిచి మడిచి వేళ్ళు కూడా మడతపడ్డయిరా!" అన్నాడు. నవ్వులు. షావుకారు, "ఒరేయ్, నోళ్ళు మూయండ్రా," అని కసిరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. బావమరిది వచ్చి నా చేతి మీది తువ్వాలు తీసుకున్నాడు. "కాసేపు కూర్చోండి బాబాయ్, నేను చూస్తాను," అన్నాడు, ముసలివాళ్ళని బస్సు ఎక్కించేటప్పటి గొంతుతో. బేరం మళ్ళీ మొదలైంది. దర్శి రైతు అక్కడే నిలబడ్డాడు. అతను నా ముఖం వంక చూడలేదు. బావమరిది ముఖం వంక చూస్తున్నాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఒక కాగితం తీసుకుని కళ్ళు మూసుకుని మడవబోయాను. నలిగి ముద్దయింది. అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలూ నేర్చుకున్నవి కళ్ళు. అవి చెప్పినట్టు చెయ్యి కదిలింది, అంతే. దానికి తగిలేది కాగితమో గాలో దానికి తెలియదు. తెర మీది ఆ ఆడచేతులు నా చేతికి కదలడం నేర్పాయి. నాకు కావలసింది కదలడం కాదు.

మా ఆవిణ్ణి పిలిచి తువ్వాలు కప్పి, వేళ్ళు పట్టమన్నాను. విషయం ఆమెకి అప్పటికే ఎవరో మోసేశారు.

"పట్టావా?"

"పట్టా."

"మూడు."

"మూడే."

"ఇప్పుడు?"

"పట్టా. చెప్పు."

"ఒకటి."

"ఒకటే. నీకు చెయ్యి బాగానే ఉంది. యార్డులో వాళ్ళకే కళ్ళు కుట్టి అల్లరి చేశారు."

ఏమి చెప్పినా సరిపోతూ వచ్చింది. ఊహించి చెప్పేవాడికి అన్నీ సరిపోవడం ఏ లెక్కలోనూ కుదరదు. తువ్వాలు ఎత్తాను. ఆమె నా వేళ్ళు పట్టుకోలేదు. నా అరచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. దొరికిపోయి కోపం తెచ్చుకుంది. "ఆ కాగితాల మీద పెట్టిన ధ్యాస నూనె మర్దనా మీద పెట్టుంటే ఈపాటికి వచ్చేది!" అని లేచి లోపలికి పోయింది.

టీచరుగారు గోడ దగ్గరికి వచ్చి, "ఇంకా గట్టిగా ప్రార్థన చేద్దాం అన్నయ్యగారూ," అంది. చర్చిలో లేచి ఆ సాక్ష్యం దిద్దుకుంటుందా అని అడుగుదామనుకున్నాను. ఆమె ముఖం చూసి అడగలేదు.

షావుకారు నన్ను పంపెయ్యలేదు. గేటు దగ్గర కుర్చీ వేయించి, వచ్చే బస్తాలు లెక్కపెట్టమన్నాడు. గేటు పక్కనుంచి పోతూ రైతులు నమస్కారం పెట్టేవాళ్ళు, ఆగేవాళ్ళు కాదు. ఎండాకాలం వచ్చాక బావమరిది ఒక పొద్దున నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి తువ్వాలు పూర్తిగా అతనిదైంది.

"బాబాయ్, మా అక్కయ్య అడగమంది. చిన్నదానికి చెవులు కుట్టిస్తున్నారు. పందిరి నిండా మీ కొంగలు కట్టాలంట. ఎర్రవి, పచ్చవి. కాగితాలు మేమే కొనిస్తాం."

"నా చెయ్యి బాగాలేదని చెప్పు."

అతను నవ్వాడు. "అదేంది బాబాయ్, కొంగలకి బాగానే ఉందిగా?"

అప్పుడే ఒక లారీ గేట్లోకి వచ్చింది. లేచి బస్తాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అతను నిలబడి చూస్తున్నంతసేపూ కుడిచెయ్యి జేబులోనే ఉంచి, ఎడమచేత్తో లెక్కపెట్టాను.