మైనస్ ముప్పై దగ్గర

శేషుకుమారికి యాభై రెండేళ్లు. కాకినాడలో పుట్టింది, స్కీలు కట్టుకుని ఒక్క అడుగైనా వేసి ఎరగదు. అయినా మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో ఆమె పనల్లా స్కీయర్ల ప్రాణం కాపాడే సంచిని పరీక్షించడమే. మంచుచరియ విరిగి మీద పడుతుంటే, భుజం దగ్గరి పిడి లాగగానే వీపు మీది సంచిలోంచి బెలూన్ ఉబ్బి మనిషిని మంచు పైకి తేల్చాలి. రోజూ ఆమె రెండు స్వెటర్ల మీద కోటు తొడుక్కుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, మైనస్ ముప్పై డిగ్రీల గదిలోకి వెళ్తుంది. పిడి లాగుతుంది, పెదాలు కదుపుతూ సెకన్లు లెక్కపెడుతుంది, బయటికొచ్చి మొద్దుబారిన వేళ్లతో నోట్‌బుక్‌లో రాసుకుంటుంది.

ఆ శుక్రవారం పదిసార్లు లాగితే మూడుసార్లు బెలూన్ ఉబ్బలేదు. మేనేజర్ విష్ణువర్ధన్ చిప్స్ తింటూ ఆ పేజీ చూశాడు. “ఆ మూడూ తీసేయండి శేషుగారూ. రూమ్ టెంపరేచర్‌లో అన్నీ పాసయ్యాయిగా, అవి పెట్టేద్దాం. దిస్ ఆర్వో, ఈ మధ్యాహ్నమే, రిపోర్ట్ వెళ్లిపోవాలి,” అన్నాడు, ఉప్పంటిన వేళ్లు నాక్కుంటూ. “మంచు రూములో పడదు కదండీ. మీరే ఈ సంచి వేసుకుని లోపలికొచ్చి లాగండి, పాసైతే అలాగే రాస్తాను,” అందామె. “అమ్మో, ఆ చలిలోకి నేనా?” అని అతను పకపకా నవ్వాడు. ఆమె నోట్‌బుక్ వెనక్కి తీసుకుంది. అతని జిడ్డు అంటిన పేజీని అంచు పట్టుకుని స్కాన్ చేసి, ఉబ్బని మూడింటితో సహా, తన సంతకంతో, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకు తనే పంపేసింది. సంగతి తెలిసి అతను అరుస్తుండగానే కోటు తొడుక్కుని చలిగది తలుపు మూసుకుంది. పదకొండోసారి పిడి లాగింది. ఉబ్బలేదు. అదీ రాసుకుంది.