చేత్తో చేసిన వాన

మినెగిషి తొకుజి గారికి ఇంగ్లీషు రాదు. అందులో వింతేమీ లేదు, ఆ బజారు వీధిలో ఎవరికీ రాదు. వింతల్లా ఏమిటంటే, తనకు రాని ఇంగ్లీషును ఆయన వీధి మొత్తానికి పంచిపెట్టడం. కొట్లకు బోర్డులు రాయడం ఆయన వృత్తి. జపాన్ అక్షరాలు ముత్యాల్లా రాస్తాడు. దాని కింద, ఎవరూ అడక్కపోయినా, ఇంగ్లీషులో ఒక ముక్క తగిలిస్తాడు. ఆ ముక్క చదివిన విదేశీయుడు నవ్వాపుకోలేక రోడ్డు మీదే కడుపు పట్టుకుని కూర్చుంటాడు.

తంటా అంతా జపాన్ మాటల్లోనే ఉంది. 'కమి' అంటే జుట్టు. 'కమి' అంటే దేవుడు కూడా. రాస్తే అక్షరాలు వేరు, పలికితే ఒకటే. తొకుజి గారు డిక్షనరీలో ముందు ఏది కనిపిస్తే అది రాసేస్తానని గర్వంగా చెప్పుకునేవాడు.

"మొదటి అర్థమే అసలు అర్థం. మిగతావన్నీ డిక్షనరీ లావుగా కనబడాలని కలిపినవి" అనేవాడు.

అలా మంగలి ఇనుయి షాపుకు ఇంగ్లీషు బోర్డు పడింది: 'ఇచ్చట దేవుళ్ళు కత్తిరించబడును. తలంటి ఆరబెట్టబడును.'

ఆ వారమే ఇనుయి కత్తెర చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా తొకుజీ, తెల్లవాళ్ళు నా గుమ్మం ముందు దండాలు పెడుతున్నారేమిటి?"

"పెట్టనీవయ్యా. ఇంట్లో నీకెలాగూ ఎవరూ పెట్టరు."

"బోర్డు మీద ఏం రాశావు?"

"జుట్టనే రాశాను. కావాలంటే చూసుకో, డిక్షనరీలో ఉంది."

దండాలు పెట్టేవాళ్ళలో కొందరు గడ్డం సబ్బు గిన్నెలో చిల్లర వేసి పోవడం మొదలయ్యాక ఇనుయి ఇక ఫిర్యాదు చెయ్యలేదు.

ఈ బోర్డులతో అందరికంటే ఎక్కువ తలకొట్టేసినట్టయింది పూలకొట్టు చిసెకు. 'హన' అంటే పువ్వు, 'హన' అంటే ముక్కు. ఇంకేముంది, ఆమె కొట్టు మీద 'పెళ్ళికైనా చావుకైనా మా వద్ద తాజా ముక్కులు' అని వెలిసింది. అప్పటికి చిసె ఆ ఇంటికి కొత్త కోడలు. ఉత్తరాది మంచు ఊళ్ళ నుంచి వచ్చింది. ఆమె యాస విని వీధిలో ఒకరిద్దరు నవ్వేసరికి నోరు కట్టేసుకుని, బేరమంతా తలూపుళ్ళతోనే నడిపేది. ఆ బోర్డు పడ్డ కొద్ది రోజులకే ఒక పొడుగాటి విదేశీయుడు లోపలికి వచ్చి, తన ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని, దీనికి బదులు ఇంకొకటి ఇస్తారా అన్నట్టు సైగ చేశాడు. చిసెకు నవ్వు ఆగలేదు. అది ఎవరి నవ్వో తెలియక అత్తగారు లోపల్నుంచి వచ్చి చూసింది. ఆ నవ్వుతో తెరుచుకున్న నోరు మళ్ళీ మూతపడలేదు. మాట్లాడి మాట్లాడి, చివరికి ఈ ఏడు బజారు సంఘానికి అధ్యక్షురాలైంది.

అధ్యక్షురాలయ్యాక ఆమెకు వీధి పరువు గుర్తొచ్చింది. రేవులో పెద్ద ఓడలు ఆగబోతున్నాయి, బస్సుల నిండా యాత్రికులు వస్తారు, మన వీధి చూసి నవ్విపోతారు అని సంఘంలో గట్టిగా చెప్పింది. పట్నంలో ఒక కంపెనీ చేత తప్పుల్లేని బోర్డులు చేయించింది. పాతవి దింపాలని తొకుజి గారితో చెప్పడానికి రెండు రోజులు గొంతు సవరించుకుంది.

ఆయన తన నిచ్చెన తానే మోసుకొచ్చి, తన బోర్డులు తానే విప్పాడు. ఒక్క చోట మాత్రం ఆగాడు.

"ఫుకి అక్కది కూడానా అమ్మాయ్?"

"అన్నీ బాబాయ్. ఒక్కటి వదిలేస్తే బాగుండదు."

"సరే" అని నిచ్చెనెక్కాడు.

ఫుకి అంటే పాకం బిళ్ళల కొట్టు ముసలావిడ. భర్త పోయాక ఆ కొట్టే ఆమెకు ఇల్లూ వాకిలీ. పాకం కాచడం, లాగడం, ముక్కలు కొట్టడం ఇప్పటికీ ఆమె చేతులే. పాకం బిళ్ళను 'అమె' అంటారు. వాననూ 'అమె' అంటారు. ఆమె బోర్డు మీద తొకుజి గారి ఇంగ్లీషు ఇలా ఉండేది: 'చేత్తో చేసిన వాన. నోట్లో మెల్లగా కరుగును.'

ఆ బోర్డు చదివినవాడు ఎవడైనా లోపలికి వస్తూనే అరచెయ్యి చాచేవాడు, చినుకులు పడుతున్నాయేమో చూసినట్టు. ఫుకి ఆ చేతిలో ఒక బిళ్ళ పెట్టేది. వాడు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. బేరం అయిపోయినట్టే. ఇటువైపు నుంచి గానీ అటువైపు నుంచి గానీ ఒక్క మాట ఖర్చయ్యేది కాదు.

కొత్త బోర్డులు తగిలించారు. బస్సులు వచ్చాయి. ఫుకి కొట్టు మీద ఇప్పుడు శుభ్రంగా, ఏ తప్పూ లేకుండా 'సంప్రదాయ పాకం బిళ్ళలు' అని ఉంది. ఒక జంట వచ్చింది. చేతులు చాచలేదు. ఇందులో పాలున్నాయా, గోధుమలున్నాయా, ఎన్నాళ్ళు నిలవుంటాయి అని పెద్దమనుషుల్లా అడిగారు. అర్థం కాలేదేమోనని మళ్ళీ కాస్త గట్టిగా అడిగారు. ఫుకి నడుం వంచి 'సారీ, సారీ' అంటూ వెనక్కి, వెనక్కి, తెర వెనక్కి వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళిపోయాక షట్టర్ దించేసింది.

మర్నాడూ ఎత్తలేదు. చిసె పక్క తలుపు తట్టి లోపలికి వెళ్ళింది. పొయ్యి చల్లగా ఉంది.

"ఏంటి అత్తా, ఒంట్లో బాలేదా?"

"నాకేం, నిక్షేపంలా ఉన్నా. కొట్టు తీసేద్దామనుకుంటున్నానే చిసె."

"ఎందుకు?"

"పాపం వాళ్ళు అంత మర్యాదగా అడుగుతుంటే నేను దిష్టిబొమ్మలా నిలబడ్డాను. అంత మంచి బోర్డు పెట్టారు మీరు. దాని కింద నేను కూర్చుంటే ఏం బాగుంటుంది?"

ఆ మాట చిసెకు ఎక్కడో గట్టిగా తగిలింది. తిన్నగా తొకుజి గారి రేకుల షెడ్డుకు వెళ్ళింది. ఆయన కుంచెలు కడుక్కుంటున్నాడు.

"బాబాయ్, ఫుకి అత్త కొట్టు మూసేస్తానంటోంది."

"అయ్యో. బోర్డు బాగానే ఉంది కదమ్మా, ఒక్క తప్పు లేదు."

"వెటకారం ఆపండి. నాకు ఏడుపొస్తోంది."

ఆయన కుంచె పక్కన పెట్టాడు. "వెటకారం కాదే పిచ్చిపిల్లా. బోర్డు అంత బాగుంటే, లోపలున్న మనిషికీ అంత ఇంగ్లీషు వచ్చనుకుంటారు. పరీక్ష పెడతారు. నా బోర్డు చూసినవాడు పరీక్ష పెట్టడు, నవ్వుకుంటూ వస్తాడు. లోపలివాళ్ళు ఎంత తప్పు మాట్లాడినా నా అంత తప్పు మాట్లాడలేరు కదా? ఇంక దేనికి భయపడాలి?"

చిసె చూపు గోడ వైపు మళ్ళింది. గోడకు ఆనించిన పాత బోర్డుల్లో తనదే ముందుంది. పైన పువ్వు అని జపాన్ అక్షరం, పై గీత దగ్గర్నుంచి కింది వంపు దాకా వంక పెట్టడానికి లేదు. దాని కింద ఇంగ్లీషులో ముక్కు.

"బాబాయ్, పువ్వు అక్షరం వేరు. ముక్కు అక్షరం వేరు."

"అవును మరి."

"పైన పువ్వని రాసిన చేత్తోనే కింద ముక్కని రాశారు."

తొకుజి గారు కళ్ళజోడు కోసం బల్లంతా తడిమాడు. అది ఆయన నుదుటి మీదే ఉంది. "డిక్షనరీలో అక్షరాలు మరీ సన్నం అమ్మాయ్."

"ఏదీ, ఆ డిక్షనరీ?"

ఆయన కళ్ళు కిందికి వెళ్ళాయి. పొట్టిదైపోయిన బల్ల కాలు కింద డిక్షనరీ ఉంది. దాని మీద రంగు చుక్కలు పడి, ఎండి, పెచ్చులు కట్టాయి.

"దీన్ని తెరిచి ఎన్నాళ్ళయింది?"

"మొదటి అర్థం తెలిశాక మళ్ళీ తెరవడం దేనికే?"

చిసెకు కోపం రావాలి, రాలేదు. ముక్కుల బోర్డు వచ్చింది తను నోరు మెదపకుండా తలూపుతూ బతికిన రోజుల్లోనే. ఆ సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు సిగ్గేసింది, ఆ మనిషి మీద బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి ముక్కు తుడుచుకుంది.

"నిచ్చెన తీయండి బాబాయ్. సంఘంతో నేను చెప్పుకుంటాను."

ఇద్దరూ వాన బోర్డు మోసుకెళ్ళారు. ఆయన నిచ్చెనెక్కి మేకులు బిగిస్తుంటే, ఆమె షట్టర్ దబదబా బాదింది.

"అత్తా! వాన!"

"అయ్యో, పెరట్లో బట్టలు ఆరేశానే!" అంటూ ఫుకి షట్టర్ పైకెత్తింది. ఆకాశం నిర్మలంగా ఉంది. ఎదురుగా చిసె అరచెయ్యి చాచి నిలబడి ఉంది.

ఫుకి ఆ చేతిని చూసింది. పైన బోర్డును చూసింది. నిచ్చెన మీద ఏమీ ఎరగనట్టు మేకు కొడుతున్న తొకుజి గారిని చూసింది. లోపలికి వెళ్ళి సీసా మూత తీసి, ఒక బిళ్ళ తెచ్చి చిసె చేతిలో పెట్టింది. ఇంతలో ఎవరో చిసె భుజం పక్క నుంచి ఇంకో చెయ్యి చాచారు, ఎర్రటి జుట్టున్న పొడుగాటి ఆడమనిషి, బోర్డు చదివి నవ్వుతూ. ఆమె వెనక ఇంకొకరు. ఫుకి సీసానే బయటికి తెచ్చేసుకుంది.

మర్నాడు తొకుజి గారు పాత ముక్కుల బోర్డు మళ్ళీ తగిలించడానికి పూలకొట్టు ముందు నిచ్చెన వేశాడు. చిసె కింద నిలబడి పట్టుకుంది.

"బాబాయ్, ఉన్నది అలాగే ఉంచండి గానీ ఒక ముక్క కొత్తగా కలపాలి."

"చెప్పు."

"'ఈ ఉదయమే కోసినవి' అని."

ఆయన కుంచె గాలిలో ఆగిపోయింది. కళ్ళజోడు పైనుంచి కిందికి చూశాడు. "ముక్కులు కోయడమేమిటే? తప్పు కాదూ?"

"తప్పెలా అవుతుంది బాబాయ్? డిక్షనరీలో ఉంది."